చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

2010 ప్రాంతంలో లింక్డిన్ కంపెనీలో సమాచారానికి కొదవ లేదు. ఉన్నది వేళకు చేరాల్సిన చోటికి చేరకపోవడమే చిక్కు. ఎవరు ఎవరి ప్రొఫైల్ చూశారు, ఏ పేజీ తెరిచారు అన్న వివరాలను వెబ్ సర్వర్లు ఎక్స్‌ఎంఎల్ రూపంలో మూటగట్టి పంపేవి. వాటిని గంటకోసారి విప్పి లెక్కలు కట్టేవారు. సర్వర్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే ఏర్పాటు దీనికి పూర్తిగా వేరు. సైటులో ఏదో తేడా చేసి జనం రావడం తగ్గిపోయినా, ఆ సంగతి లెక్కల్లోకి ఎక్కేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. కొత్తగా ఒక బృందం వచ్చి ‘ఆ డేటా మాకూ కావాలి’ అంటే ఇంకో పైప్‌లైన్ వేయాల్సిందే. డేటా పుట్టే చోట్లు పది, వాడుకునే చోట్లు పది ఉంటే పైప్‌లైన్లు వంద దాకా పోతాయి.

సందేశాలు చేరవేసే సాఫ్ట్‌వేర్లు అప్పటికే ఉన్నాయి. యాక్టివ్‌ఎంక్యూ పెట్టి చూశారు, ఆ రద్దీకి అది నిలవలేదు. చివరికి జే క్రెప్స్, నేహా నార్ఖెడే, జున్ రావ్ అనే ఇంజినీర్లు సొంతంగా ఒకటి రాసుకున్నారు. రాయడానికి అనువుగా మలిచిన వ్యవస్థ కదా, ఒక రచయిత పేరు బాగుంటుందని క్రెప్స్ దానికి తనకు ఇష్టమైన ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టాడు. 2011లో ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 2012లో అది అపాచీ ఫౌండేషన్‌లో పూర్తి స్థాయి ప్రాజెక్టయింది. 2014లో ముగ్గురూ బయటికొచ్చి కాన్‌ఫ్లుయెంట్ అనే కంపెనీ పెట్టారు. 2019 నాటికి ఒక్క లింక్డిన్‌లోనే కాఫ్కా గుండా రోజుకు ఏడు లక్షల కోట్ల సందేశాలు పోయేవి.

ఇవాళ హైదరాబాద్‌లో జావా ఉద్యోగానికి పోయేవాళ్లకు కాఫ్కా, మైక్రోసర్వీసెస్ అన్న రెండు మాటలు తప్పడం లేదు. అమీర్‌పేటలో వాటికి కోర్సులు నడుస్తున్నాయి. కమాండ్లు, కాన్ఫిగరేషన్లు, ఇంటర్వ్యూ ప్రశ్నలతో నెల తిరక్కుండానే సిలబస్ అయిపోతుంది. కానీ ఇందులో నేర్చుకోవాల్సిన అసలు విషయం ఒక ఆలోచన. అది అర్థమైతే కమాండ్లు ఎలాగోలా వస్తాయి. అది తలకెక్కకుండా కమాండ్లు మాత్రమే వచ్చినవాళ్లు రాసిన ప్రోగ్రాములు రద్దీ ఉన్న రోజు చూసి మరీ దెబ్బతీస్తాయి.

కాఫ్కా లోపల ఉన్నది చాలా మామూలు వస్తువు: ఒక లాగ్. కొత్తగా వచ్చిన ప్రతి సమాచారం ఆ లాగ్ చివర చేరుతుంది. మధ్యలో చొప్పించడం, ఉన్నదాన్ని దిద్దడం కుదరదు. ప్రతి రికార్డుకూ వరస సంఖ్య ఉంటుంది, దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అంతకుముందు వాడిన క్యూలలో సాధారణంగా సందేశం అందగానే దాన్ని చెరిపేసేవారు. ఎవరికి ఏది అందిందో, ఏది అందలేదో సర్వరే ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకునేది. కాఫ్కా ఆ బరువు దించుకుంది. ఎక్కడిదాకా చదివానన్నది చూసుకోవడం చదివేవాడి బాధ్యత, ఆ ఒక్క సంఖ్యను కావాలంటే కాఫ్కా దగ్గరే రాసిపెట్టుకోవచ్చు. ఒకడు చదివినంత మాత్రాన రికార్డు పోదు. మామూలు సెట్టింగ్‌లో 168 గంటలు, అంటే వారం రోజులు ఉంటుంది. కావాలంటే ఎప్పటికీ ఉంచుకోవచ్చు. అందుకే ఒకే రికార్డును పది మంది, పది వేర్వేరు వేగాలతో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చదువుకోగలరు.

అన్నీ డిస్క్ మీద రాస్తే నెమ్మదించదా అని మొదట్లో చాలామంది అడిగారు. దీనికి కాఫ్కా డాక్యుమెంటేషన్‌లోనే ఒక లెక్క ఉంది. ఆరు మామూలు హార్డ్ డిస్కులున్న సర్వర్ మీద వరసగా రాసుకుంటూ పోతే సెకనుకు దాదాపు 600 మెగాబైట్లు రాయొచ్చు. అదే డిస్కుల మీద అక్కడో ముక్క ఇక్కడో ముక్క రాస్తే వేగం సెకనుకు 100 కిలోబైట్లకు పడిపోతుంది. తేడా 6,000 రెట్లు. డిస్క్ నిదానమన్న పేరు దాన్ని వాడుకునే తీరు వల్ల వచ్చింది.

పాత షావుకార్ల లెక్కలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. చిట్టాలో ఆ రోజు ఇచ్చిందీ పుచ్చుకున్నదీ జరిగిన వరసలో ఎక్కుతుంది. ఆవర్జాలో మనిషికో పేజీ ఉంటుంది. చిట్టాలోంచి పద్దులు ఏరి ఆ పేజీల్లోకి దించుతారు. సుబ్బయ్య ఎంత బాకీ అని ఎవరైనా అడిగితే తెరిచేది ఆవర్జానే. కానీ ఆవర్జా చెదలు తినేస్తే చిట్టా ముందేసుకుని కూర్చుని మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలోని బాకీ మొత్తం చూసి, ఏ రోజు ఏం జరిగి అంతయిందో ఎవరూ చెప్పలేరు. పద్దు తప్పు పడితే కొట్టేసి దిద్దరు, కింద సవరణ పద్దు వేస్తారు.

మనం ఇన్నేళ్లూ సాఫ్ట్‌వేర్‌లో ఆవర్జానే అసలు పుస్తకంగా చూశాం. డేటాబేస్ టేబుల్ అంటే అదే: కస్టమర్ చిరునామా ఇది, స్టాకు ఇంత, ఆర్డర్ స్థితి ఫలానా. కొత్త విలువ వచ్చిందంటే పాతది చెరిగిపోతుంది. గమ్మత్తేమిటంటే, డేటాబేస్ కడుపులో చిట్టా మొదటి నుంచీ ఉంది. టేబుల్ మార్చేముందు ప్రతి పెద్ద డేటాబేసూ ఆ మార్పును ఒక లాగ్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయి మళ్లీ లేచాక ఆ లాగ్ చూసుకునే తేరుకుంటుంది. అది లోపలి అవసరానికి మాత్రమే ఉండేది. ఆ దాచిన చిట్టాను బయటికి తీసి కంపెనీ మొత్తానికి పెడదాం, ఎవరి ఆవర్జా వాళ్లు రాసుకుంటారు అన్నది ఇక్కడి ఆలోచన. క్రెప్స్ దీన్ని 2013 డిసెంబరులో రాసిన ఒక పెద్ద వ్యాసంలో విడమరిచి చెప్పాడు. ఆ వ్యాసం చదివాక కాఫ్కా మాన్యువల్ చదివితే సగం దానంతటదే అర్థమవుతుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒక వార్తాపత్రికది. న్యూయార్క్ టైమ్స్ 1851 నుంచి తాము ప్రచురించిన వ్యాసాలన్నిటినీ ఒక కాఫ్కా టాపిక్‌లో, అంటే పేరు పెట్టిన ఒక లాగ్‌లో పెట్టినట్టు 2017లో వాళ్ల ఇంజినీర్లు రాశారు. దానికి ‘మోనోలాగ్’ అని పేరు పెట్టారు. వారం గడువు లేదు, అన్నీ శాశ్వతం. పైగా టాపిక్ మొత్తం ముక్కలు చేయకుండా ఒకే పార్టిషన్‌లో ఉంది. నూట అరవై ఏళ్ల పత్రిక అంటే సముద్రమనిపిస్తుంది గానీ, అక్షరాల వరకు లెక్కేస్తే ఒక డిస్క్‌లో పట్టేంతే. ఒక వ్యాసంలో ఫొటో ఉంటే, ఆ ఫొటో రికార్డు లాగ్‌లో వ్యాసం కంటే ముందే ఉండేలా వరస కట్టారు. అందువల్ల మొదటి నుంచి చదువుకుంటూ వచ్చే ప్రోగ్రాముకు ఇంకా రాని ఫొటోను ప్రస్తావించే వ్యాసం ఎక్కడా ఎదురుకాదు. వెతుకులాటకు వాడే ఇండెక్స్‌ను మార్చాలనుకోండి. పాతదాన్ని కదపక్కర్లేదు. కొత్త ప్రోగ్రాము మొదటి రికార్డు నుంచి చదువుతూ కొత్త ఇండెక్స్ కడుతుంది. అది తాజా వార్త దాకా వచ్చాక వాడకందార్లను అటు మళ్లించి పాతదాన్ని తీసేస్తారు.

ఇక మైక్రోసర్వీసుల సంగతి. ఒకే పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టి, ఒక్కోటి ఒక్కో బృందానికి అప్పగించే పద్ధతి ఇది. జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ 2014లో రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. విడగొట్టాక ఆ ముక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కదా. ఎక్కువమంది చేసేది నేరుగా పిలవడం: ఆర్డర్ సర్వీసు పేమెంట్ సర్వీసును పిలుస్తుంది, అది స్టాకు సర్వీసును పిలుస్తుంది, జవాబు వచ్చేదాకా వెనకవన్నీ కాచుక్కూర్చుంటాయి. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం బాగానే పనిచేస్తుందనుకుందాం. అంటే నెలకు ముప్పావు గంట లోపే మొరాయిస్తుంది. అలాంటివి పది గొలుసుగా కట్టి, పదీ పనిచేస్తేనే ఆర్డర్ పూర్తవుతుందంటే లెక్క 99 శాతానికి దిగుతుంది. నెలకు ఏడు గంటల పైన. ఎవరి సర్వీసు వాళ్లకు భేషుగ్గానే ఉంటుంది, కస్టమర్ ఆర్డర్ మాత్రం పడదు.

ఈవెంట్ అంటే జరిగిపోయిన సంగతి. భోజనం ఆర్డర్లు తీసుకునే యాప్ ఒకటి అనుకోండి. ఈవెంట్ పద్ధతిలో దాని ఆర్డర్ సర్వీసు ఎవరినీ పిలవదు. ‘ఆర్డర్ వచ్చింది’ అని లాగ్‌లో ఒక రికార్డు రాసి తన పని తాను చూసుకుంటుంది. పేమెంట్ సర్వీసు దాన్ని చదివి డబ్బు తీసుకుని ‘డబ్బు అందింది’ అని రాస్తుంది. వంటింటి సర్వీసు అది చూసి వంట మొదలుపెడుతుంది. రేపు మోసాలను పట్టే సర్వీసు కొత్తగా పెడితే, పాత సర్వీసుల్లో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు. అదీ అదే లాగ్ చదువుకుంటుంది. ఇక్కడ ఈవెంటుకు, ఆజ్ఞకు తేడా తెలిసి ఉండాలి. ‘డబ్బు తీసుకో’ అన్న రికార్డు ఈవెంట్ కాదు, లాగ్ ముసుగేసుకున్న పిలుపే. టాపిక్ నిండా అలాంటివే ఉన్నాయంటే విడగొట్టినట్టు కనిపించినా ముడి విప్పలేదన్నమాట.

ఇంతవరకు వింటే అంతా సులువే అనిపిస్తుంది. చిక్కులు మొదటి అడుగులోనే ఉన్నాయి. ఆర్డర్ సర్వీసు రెండు పనులు చేయాలి: తన డేటాబేస్‌లో ఆర్డర్ రాసుకోవాలి, కాఫ్కాలో ఈవెంట్ రాయాలి. మొదటిది అయ్యాక, రెండోది కాకముందు ప్రోగ్రాము పడిపోతే? డేటాబేస్‌లో ఆర్డర్ ఉంటుంది, లోకానికి దాని ఊసే తెలియదు. వరస తిరగేసి ముందు ఈవెంట్ రాస్తే, లేని ఆర్డర్‌కు డబ్బు తీసుకునే ప్రమాదం. అనుభవమున్నవాళ్లు దీన్ని అవుట్‌బాక్స్ అనే పద్ధతితో దాటుతారు. ఆర్డర్‌తో పాటు పంపాల్సిన ఈవెంటును కూడా అదే డేటాబేస్‌లో ఇంకో టేబుల్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌లో రాస్తారు. పడితే రెండూ పడతాయి, లేకపోతే రెండూ పడవు. తర్వాత డెబీజియం లాంటి సాఫ్ట్‌వేర్ ఆ డేటాబేస్ లోపలి లాగ్‌ను చదివి ఈవెంటును కాఫ్కాకు చేరుస్తుంది.

రెండో చిక్కును కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఆఫ్‌సెట్ 41 దగ్గర ఒక రికార్డు ఉంది: ఆర్డర్ ఎ-17, 640 రూపాయలు. పేమెంట్ సర్వీసు దాన్ని చదివింది. పేమెంట్ గేట్‌వేను అడిగింది. గేట్‌వే 640 తీసుకుని సరేనంది. ఇప్పుడు ‘41 అయిపోయింది, తర్వాత చదవాల్సింది 42’ అని కాఫ్కాకు చెప్పాలి. సరిగ్గా ఆ క్షణంలో సర్వర్ పడిపోయింది. దాని స్థానంలో ఇంకో కాపీ లేచింది. ఎక్కడి నుంచి చదవాలని కాఫ్కాను అడిగితే 41 అంది. దాని దగ్గర ఉన్న సమాచారం అంతే మరి. ఎ-17 మళ్లీ వచ్చింది, 640 మళ్లీ పోయింది. పోనీ, ముందు 42 అని చెప్పేసి తర్వాత డబ్బు తీసుకుందామంటే, ఆ రెండిటి మధ్య పడిపోయినప్పుడు ఎ-17ను మళ్లీ ఎవరూ చదవరు. ఆ కస్టమర్‌కు బిర్యానీ ఉచితం. వరస ఎటు తిప్పినా ఈ రెంటిలో ఒక ప్రమాదం మిగులుతుంది. ఎక్కువ చోట్ల మొదటిదాన్నే ఎంచుకుంటారు: రికార్డు ఒక్కసారైనా తప్పకుండా అందాలి, రెండోసారి వస్తే మనం చూసుకుందాం.

చూసుకోవడం అంటే ప్రతి ఈవెంటుకూ ఒక ప్రత్యేక గుర్తు ఉండాలి. ఆ గుర్తుతో పని ఇంతకుముందే చేశామా అన్నది, పని ఫలితంతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసుకోవాలి. గేట్‌వేకు కూడా ఆ గుర్తే పంపితే, రెండోసారి వచ్చినప్పుడు అది డబ్బు తీయకుండా పాత జవాబే తిప్పి పంపుతుంది. ‘నిల్వలోంచి 500 తగ్గించు’ అన్నది రెండుసార్లు జరిగితే నష్టం. ‘నిల్వను 1,500 చెయ్యి’ అన్నది పదిసార్లు జరిగినా ఒక్కటే. కాఫ్కాలో 2017 నుంచి ‘సరిగ్గా ఒక్కసారే’ అన్న సదుపాయం ఉంది. అది కాఫ్కాలోంచి చదివి, లెక్కగట్టి, మళ్లీ కాఫ్కాలోకే రాసే పనులకు వర్తిస్తుంది. బయటి గేట్‌వే, మెయిల్ సర్వర్ దాని చేతిలో లేవు. ఈ గీత చూసుకోకుండా సెట్టింగ్ ఒకటి ఆన్ చేసి నిశ్చింతగా పడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

యూపీఐ వాడేవాళ్లకు ఈ సమస్య రుచి తెలుసు. మన ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, అవతల పడలేదు, తెర మీద పెండింగ్ అని ఉంది. ఒక బ్యాంకు మెషీను అడిగింది, రెండో దాని నుంచి జవాబు రాలేదు. అడిగింది చేరలేదా, చేరి పని జరిగాక జవాబు దారిలో పోయిందా అన్నది అడిగినవాళ్లకు ఆ క్షణంలో తెలిసే దారి లేదు. అది ఆ యాప్ చేతగానితనం కాదు, నెట్‌వర్క్ స్వభావం. అందుకే రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. యూపీఐలో పంపిన సొమ్ము అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. మెషీన్లు ఆ క్షణంలో తేల్చుకోలేనిదాన్ని తర్వాత లెక్కలు సరిచూసి తేల్చాలని చట్టం ఒప్పుకున్నట్టే.

వరస గురించి ఇంకో మాట. ఒకే లాగ్‌ను ఒక సర్వర్ మోయలేనప్పుడు టాపిక్‌ను పార్టిషన్లుగా విడగొడతారు. కాఫ్కా వరసకు హామీ ఇచ్చేది ఒక పార్టిషన్ లోపలే. కాబట్టి ఒక ఆర్డర్‌కు సంబంధించినవన్నీ ఒకే పార్టిషన్‌లో పడాలి, లేకపోతే ‘ఆర్డర్ రద్దయింది’ అన్నది ‘ఆర్డర్ వచ్చింది’ కంటే ముందే చేతికి రావచ్చు. అందుకు రికార్డుకు ఒక కీ ఇస్తారు. కీ నుంచి ఒక హ్యాష్ సంఖ్య కట్టి, పార్టిషన్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమే ఇంటి నంబరు. ఇక్కడొక పాత గోతి ఉంది. ఒక కీ హ్యాష్ 20 అనుకోండి. 6 పార్టిషన్లు ఉన్నంతకాలం శేషం 2. రద్దీ పెరిగిందని ఎవరో పార్టిషన్లను 8 చేస్తే శేషం 4. అదే ఆర్డర్ పాత ఈవెంట్లు ఒకచోట, కొత్తవి ఇంకోచోట. ఎర్రర్ ఏదీ రాదు. కొన్ని ఆర్డర్ల వరస నిశ్శబ్దంగా చెడుతుంది, అంతే. అందుకే పార్టిషన్లు మొదట్లోనే కాస్త ఎక్కువ పెట్టుకోమంటారు.

స్ట్రీమ్ ప్రాసెసింగ్ అంటే ఇలా ఆగకుండా వచ్చే ఈవెంట్ల మీద ఆగకుండా లెక్కలు కట్టడం. పది నిమిషాలకోసారి ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఒకే కార్డు ఐదు నిమిషాల్లో రెండు ఊళ్లలో వాడారా అన్నట్టు. రాత్రి లెక్కలు రాత్రికే అన్న పాత పద్ధతిలో రాత్రయ్యేసరికి రావాల్సినవన్నీ దాదాపు వచ్చేసి ఉంటాయి. ఇక్కడ ‘వచ్చేసినట్టే’ అని ఎప్పుడూ అనలేం. నల్లమలలో పోతున్న ఒక బస్సు జీపీఎస్ పరికరం 9:58కి ఒక రీడింగ్ తీసుకుంది. సిగ్నల్ లేదు. 10:07కి ఘాట్ దాటాక పంపింది. ఇది తొమ్మిదీ యాభై నుంచి పది దాకా ఉన్న గడిలో పడాలా, పది తర్వాతి గడిలోనా? మన గడియారం చూస్తే రెండోది, జరిగినదాన్ని బట్టి మొదటిది. లెక్క నిజం కావాలంటే జరిగిన సమయమే ప్రమాణం. మరి మొదటి గడిని ఎప్పుడు మూసేయాలి?

గూగుల్ ఇంజినీర్లు 2013లో మిల్‌వీల్ అనే వ్యవస్థ మీద, 2015లో డేటాఫ్లో నమూనా మీద రాసిన పరిశోధన పత్రాలు ఈ ప్రశ్నకు జవాబును ఒక దారిలో పెట్టాయి. వాళ్లు వాడిన ఉపాయం వాటర్‌మార్క్. ‘9:55కు ముందు జరిగినవన్నీ వచ్చేసినట్టే’ అని ఈవెంట్లతో పాటు ప్రవహించే ఒక ప్రకటన అది. చాలా చోట్ల అది అంచనా మాత్రమే, తప్పు కావచ్చు. ఎక్కువసేపు కాచుకుంటే లెక్క కచ్చితం, కానీ ఆలస్యం. తొందరపడితే వేగం, కానీ బస్సు తప్పిపోతుంది. ఎంత ఆగాలన్నది ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చేది కాదు. ఆ లెక్కను వాడుకునే వ్యాపారం వాళ్లు కూర్చుని చెప్పాలి. మోసాన్ని పట్టాలంటే సెకన్లు కూడా ఎక్కువే, డ్రైవర్ జీతం లెక్కైతే మర్నాడైనా ఫర్వాలేదు.

ల్యాప్‌టాప్ మీద మొదటిసారి ఇది చేసేవాళ్లను బెంబేలెత్తించే సంగతి ఒకటుంది. పది టెస్ట్ రికార్డులు పంపుతారు, ఫలితం ఏదీ రాదు. కోడ్ అంతా పదిసార్లు తిరగేస్తారు. కోడ్‌లో తప్పేమీ ఉండదు. చాలా స్ట్రీమ్ లెక్కల్లో కాలం ముందుకు జరిగేది కొత్త ఈవెంట్ వచ్చినప్పుడే. ఆఖరి గడి మూతపడాలంటే దాని తర్వాతి సమయంతో ఇంకో ఈవెంట్ రావాలి. ఇంకా ఘోరం, ఫ్లింక్ అనే స్ట్రీమ్ ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు పార్టిషన్లు చదువుతూ ఒకదాంట్లో అసలు డేటా రాకపోతే, నాలుగింటిలో అన్నిటికంటే వెనకున్న వాటర్‌మార్కే లెక్క కాబట్టి మొత్తం ఆగిపోతుంది. ఖాళీగా ఉన్నవాటిని పట్టించుకోవద్దని విడిగా చెప్పాలి.

ఫ్లింక్ బెర్లిన్‌లో స్ట్రాటోస్ఫియర్ అనే విశ్వవిద్యాలయ పరిశోధన ప్రాజెక్టులోంచి పుట్టింది. 2014లో అపాచీకి వచ్చింది. దాని గుర్తు ఉడుత. ఇలాంటి వ్యవస్థ పదుల కొద్దీ మెషీన్ల మీద, ఒక్కోదాంట్లో సగం కట్టిన లెక్కలు పెట్టుకుని నడుస్తుంటుంది. ఒక మెషీను పోతే మొత్తం ఏ స్థితి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి? అందరినీ ఆపి ఫొటో తీయలేం, ప్రవాహం ఆగదు. దీనికి వేసిన మందు పాతది. మద్రాస్ ఐఐటీలో 1965లో పట్టా పుచ్చుకున్న కె. మణి చాండీ టెక్సాస్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో, లెస్లీ లాంపోర్ట్ అనే మరో కంప్యూటర్ శాస్త్రవేత్త ఆయన్ను చూడ్డానికి వెళ్లాడు. రాత్రి భోజనం దగ్గర చాండీ ఈ సమస్య చెప్పాడు. ఇద్దరూ వైన్ కాస్త ఎక్కువే పుచ్చుకుని ఉండటంతో అప్పటికి ఆలోచన సాగలేదు. మర్నాడు పొద్దున స్నానం చేస్తుంటే లాంపోర్ట్‌కు జవాబు తట్టింది. చాండీ గదికి వెళ్లేసరికి ఆయన కూడా అదే జవాబుతో ఎదురుచూస్తున్నాడు. ఈ కథ లాంపోర్టే రాసుకున్నాడు. ఇద్దరూ కలిసి 1985లో పత్రం ప్రచురించారు. ప్రవాహంలోకి ఒక గుర్తును వదలాలి, అది తమ దగ్గరికి వచ్చినప్పుడు ఎవరి స్థితిని వాళ్లు నమోదు చేసుకోవాలి, ఎవరూ ఆగక్కర్లేదు అన్నది అందులోని సారం. ఫ్లింక్ చెక్‌పాయింట్లు ఆ సూత్రాన్ని తమకు తగ్గట్టు మలుచుకున్నవే.

చిట్టాను ఎప్పటికీ చెరపం అన్న నియమానికీ ఒక ఖరీదుంది. మూడేళ్ల కిందటి ఈవెంట్ ఆకారం ఇవాళ్టి ప్రోగ్రాముకు కూడా అర్థం కావాలి. కాబట్టి కొత్త ఫీల్డు చేర్చినా, పాతది తీసేసినా, డేటా ఆకారాన్ని రాసిపెట్టే అవ్రో లాంటి స్కీమాలతో, పాతా కొత్తా పొసుగుతున్నాయో లేదో చూసుకునే మార్చాలి. ఇంతకంటే జటిలమైంది, తన వివరాలు తుడిచేయమని అడిగే హక్కు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. దిద్దకూడని లాగ్‌లోంచి ఒక మనిషిని ఎలా తీసేస్తారు? కొందరు వాడే ఉపాయం తెలివైనది. ప్రతి మనిషి వివరాలనూ అతనికి మాత్రమే చెందిన తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి లాగ్‌లో పెడతారు. అతను తుడిచేయమంటే తాళాన్ని పారేస్తారు. రికార్డు అక్కడే ఉంటుంది, చదవడం ఎవరి వల్లా కాదు.

ఇన్ని తెలుసుకున్నాక అసలు ఇది మనకు కావాలా అని అడగడం తప్పు కాదు. అమెజాన్ ప్రైమ్ వీడియోలో వీడియో నాణ్యతను కనిపెట్టి ఉండే బృందం, విడివిడి ముక్కలుగా కట్టిన తమ వ్యవస్థను మళ్లీ ఒకే ప్రోగ్రాముగా కలిపేస్తే ఖర్చు 90 శాతం తగ్గిందని 2023లో రాసింది. ముగ్గురు మనుషులు, ఒక డేటాబేస్, రోజుకు కొన్ని వేల ఆర్డర్లు ఉన్న చోట కాఫ్కా పెడితే పని కంటే పెట్టిందాన్ని మేపడమే ఎక్కువవుతుంది. కానీ నేర్చుకోవడం వేరు. పెద్ద వ్యవస్థ అవసరం లేనివాళ్లకు కూడా ఈవెంట్లలో ఆలోచించడం వచ్చి ఉండాలని నా అభిప్రాయం. కనీసం డేటాబేస్‌లో ఏం చెరిపేస్తున్నారో తెలిసి చెరుపుతారు.

నేర్చుకోవాలనుకుంటే ఇప్పుడు ఖర్చేమీ లేదు. 2025లో వచ్చిన కాఫ్కా 4.0తో జూకీపర్ అనే విడి సాఫ్ట్‌వేర్ బెడద కూడా పోయింది, ల్యాప్‌టాప్ మీద ఒక్క ప్రోగ్రాముతో నడుస్తుంది. రెండే సర్వీసులు రాయండి, ఆర్డర్, పేమెంట్. అవి సజావుగా నడిచినప్పుడు నేర్చుకునేది తక్కువ. పేమెంట్ సర్వీసు రికార్డు చదివాక, ఆఫ్‌సెట్ చెప్పకముందు కాసేపు ఆగేలా చేసి, ఆ సందులో దాన్ని చంపేయండి. మళ్లీ లేపి టేబుల్ చూడండి. ఒకే రికార్డును రెండుసార్లు పంపండి. పది నిమిషాల పాత సమయంతో ఒకటి పంపండి. ఇవన్నీ తట్టుకున్నాక పేమెంట్ టేబుల్ మొత్తం తుడిచేసి, లాగ్‌ను ఆఫ్‌సెట్ సున్నా నుంచి మళ్లీ చదివించండి. టేబుల్ అక్షరం పొల్లుపోకుండా తిరిగి వస్తే చిట్టా సరిగ్గా రాసినట్టే. ఆ పని చేసేముందు, డబ్బు అందిందని కస్టమర్లకు మెయిల్ పంపే కోడ్ కూడా ఆ సర్వీసులోనే ఉందేమో చూసుకోండి. ఉంటే, ఏడాది కిందట బిల్లు కట్టినవాళ్లందరికీ ఇవాళ మళ్లీ మెయిల్ పోతుంది. అలాంటి కోడ్‌ను విడిగా, లాగ్ చదువుతూ తన ఆఫ్‌సెట్ తాను చూసుకునే వేరే ప్రోగ్రాముగా పెట్టాలి. టేబుల్ ఎన్నిసార్లు తిరిగి కట్టినా దాని జోలికి పోకూడదు.